బొమ్మ పడలేదా? కాస్త ఆగండి!

మా వైపు బొమ్మ పడటమంటే సినిమా మొదలవటం. ఆలస్యంగా వచ్చినవాళ్లు టిక్కెట్లు చింపే అబ్బాయిని మొదట అడిగేది "బొమ్మ పడిందా?" అనే. పడిందంటే ఒకటే పరుగు. పడలేదంటే నింపాదిగా శెనక్కాయలు కొనుక్కుని మరీ లోపలికి వెళ్లేవారు. అంతేగాని, ఇంకా బొమ్మ పడలేదు కనక అసలు సినిమాయే లేదనుకుని ఇంటిదారి పట్టినవాళ్లని నేను చూళ్లేదు. అంతపాటి తెలివి నా చిన్నప్పుడు మార్కాపురంలో పసిపిల్లలక్కూడా ఉండేది. అరవై దాటిన నాకే లేకపోయింది.

సంగతేమిటంటే, కిందటి సంక్రాంతికి ఇల్లు సర్దుతూ, పనిలో పనిగా కంప్యూటరు కూడా సర్దేద్దామని కూచున్నాను. సొరుగులో ఓ పాత పెన్‌డ్రైవు దొరికింది. తెరిస్తే అందులో అయిదు వీడియోలు. మూడింటి మీద ముచ్చటగా వినాయకుడి బొమ్మ ఉంది. ఈమధ్య జరిగిన పెళ్లిళ్లవి లెండి. ఎవరి పెళ్లి వీడియో అయినా వినాయకుడితోనే మొదలవుతుంది కనక మూడింటి మీదా ఆయనే. ఏది ఎవరి పెళ్లో ఆయనకే తెలియాలి. మిగతా రెండింటి మీద ఏ బొమ్మా లేదు. ఉత్త తెల్లకాగితం గుర్తు. పేరు చూద్దామా అంటే ఇంగ్లీషులో అర్థం పర్థం లేని నాలుగైదు అక్షరాలు, పక్కన ఓ అంకె, చివర డి.ఎ.టి. అని తోక. రెండింటికీ దాదాపు ఒకటే పేరు. నొక్కి చూశాను. "దీన్ని దేనితో తెరవమంటారు?" అని కంప్యూటరు నన్నే అడిగింది. దానికే తెలియంది నాకేం తెలుస్తుంది? చెడిపోయినవి కాబోలనుకుని ఒకదాన్ని తుడిచేశాను.

రెండోదాని మీద చెయ్యి వెయ్యబోతుండగా మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. మాటల సందర్భంలో చెప్పాను.

"పిన్నీ, ఆగాగు! అదెంత బరువుందో చూశావా?" అన్నాడు.

చూశాను. ఆరువందల ఎం.బి. పైచిలుకు.

"ఖాళీ డబ్బా అంత బరువుంటుందా పిన్నీ? అది మా అమ్మ పెళ్లి!"

నా కాళ్లూ చేతులూ ఆడలేదు. 1989లో మార్కాపురంలో జరిగిన మా అక్క పెళ్లి అది. అందులో మా అమ్మ ఉంది. ఫోటోల్లోనూ ఉందనుకోండి, కాని ఫోటో మాట్లాడదు గదా! అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గొంతు ఈ లోకంలో మిగిలి ఉన్నది ఆ రెండు తెల్లకాగితాల వెనకాలే. అందులో ఒకదాన్ని నేను నా చేతులారా తుడిచేశాను.

తరవాత ఏమయిందో చివర చెబుతాను. ముందు, ఈ తిప్పలు మనదాకా ఎట్లా వచ్చాయో చెప్పాలి. ఇది ఒక్క నా తెలివితక్కువతనమే అయితే ఈ వ్యాసం రాసి మిమ్మల్ని విసిగించేదాన్ని కాదు. దీని వెనక నూటముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

సినిమా పుట్టిన కొత్తలోనూ ఈ గొడవ ఉంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి బొమ్మ వేశారు. మరుసటేడు, 1896 జులై 7న, వాళ్ల బొమ్మే బొంబాయి వాట్సన్ హోటల్లో పడింది. అప్పట్లో ఎవరి ఫిలిం వారిది, ఎవరి యంత్రం వారిది. లూమియేర్ల ఫిలిముకి ఒక్కో బొమ్మకి అటొకటి ఇటొకటి గుండ్రటి కంతలుండేవి. అమెరికాలో ఎడిసన్‌గారి ఫిలిముకి పక్కకి నాలుగేసి కంతలు. వీళ్ల ఫిలిం వాళ్ల యంత్రం పళ్లకి ఎక్కదు. చివరికి 1909లో తయారీదార్లంతా పారిస్‌లో కూచుని, ఎడిసన్ తరహా కంతలతో 35 మిల్లీమీటర్ల వెడల్పు ఫిలిమే అందరికీ ప్రమాణమని ఒప్పుకున్నారు.

ఆ ఒక్క ఒప్పందం పుణ్యాన, ఏ దేశంలో తీసిన సినిమా అయినా ఏ ఊళ్లోనైనా పడేది. మద్రాసులో తీసిన సినిమా రీళ్లపెట్టెలో సర్దుకుని, రైలెక్కి, బస్సు టాపెక్కి మా పడమటి పల్లెల డేరా హాళ్ల దాకా వచ్చేది. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, అంటే పదకొండు నిమిషాల ఆట. యంత్రం ఒక్కటే ఉన్న డేరాల్లో రీలు మార్చినప్పుడల్లా చీకటి, ఈలలు. అయినా "ఈ పెట్టె మా యంత్రానికి సరిపడదు" అన్న మాట మాత్రం ఎక్కడా వినపడేది కాదు. సినిమాకి సంబంధించినంత వరకు, ప్రపంచమంతా ఒకే అత్తవారిల్లన్నమాట.

అన్నట్టు, మా ఊరి పలకకీ సినిమాకీ చుట్టరికం ఉంది. మార్కాపురం అంటే పలకల ఊరని మీకు తెలిసే ఉంటుంది. భూమిలోంచి పొరలు పొరలుగా వచ్చే రాయిని చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్కచట్రం బిగించి దేశమంతా పంపేవారు. మీలో చాలామంది "అ, ఆ" లు దిద్దింది మా ఊరి రాయి మీదే అయి ఉంటుంది. రేకు పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ వైభవం తగ్గింది. ఆ రాయి ఇప్పుడు గోడలకీ నేలకీ పరుచుకునే బండగా పోతోంది. సరే, సినిమా షూటింగులో "క్లాప్" కొట్టే పలక ఉంది చూశారూ, దాన్ని ఇంగ్లీషులో స్లేటు అనే అంటారు. సినిమా పేరు, దృశ్యం నంబరు, ఎన్నోసారి తీస్తున్నారో దాని మీద రాసి, ముందుగా ఆ పలకనే కెమెరాకి చూపిస్తారు. ఆ తరవాతే నటన. ఎడిటరు వేల అడుగుల ఫిలింలో ఏ ముక్క ఏదో ఆ పలక చూసి గుర్తుపడతాడు. టప్‌మన్న చప్పుడుతో మాటనీ బొమ్మనీ జతచేస్తాడు.

ఇవాళ్టి వీడియో ఫైల్లోనూ సరిగ్గా అలాంటి పలకే ఉంటుంది. లోపల ఉన్నది ఏ రకం బొమ్మ, ఏ రకం శబ్దం అని ఫైల్లోనే రాసి ఉంటుంది. చదివే ప్లేయరు ఆ పలక చదువుకుని, దాని ప్రకారం బొమ్మ వేస్తుంది. చదవడం రాకపోతే తెల్లమొహం వేస్తుంది. మన కంప్యూటర్లో కనపడే తెల్లకాగితం అదే.

ఇళ్లలోకి బొమ్మలు వచ్చేసరికి 1909 నాటి ఒప్పందం గాలికి పోయింది. 1975లో సోనీ వాళ్లు బీటామాక్స్ అని ఒక కేసెట్టు తెచ్చారు. మరుసటేడు జె.వి.సి. వాళ్లు వి.హెచ్.ఎస్. అని ఇంకొకటి తెచ్చారు. రెండింట్లోనూ ఉన్నది అర అంగుళం టేపే. అయినా దీని పెట్టెలో అది దూరదు, దాని పెట్టెలో ఇది దూరదు. మనకి హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది 1977 అక్టోబరు 23న. రంగుల టీవీ వచ్చింది 1982లో, ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని. ఆ తరవాత వీధికో కేసెట్ల దుకాణం వెలిసింది. శనివారం వస్తే డెక్కు అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ మూడు సినిమాలు చూసి, ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్రపోవడం ఎన్ని ఇళ్లలో జరగలేదు! అప్పటికి బీటామాక్స్ వెనకబడి వి.హెచ్.ఎస్. నిలిచింది కనక మనవాళ్లకి ఆ బాధ పెద్దగా తగల్లేదు.

తగిలింది అమెరికా కేసెట్లతో. అక్కడున్న కొడుకు మనవడి పుట్టినరోజు తీసి పంపేవాడు. కేసెట్టూ వి.హెచ్.ఎస్.సే, డెక్కూ వి.హెచ్.ఎస్.సే. వీధి వీధంతా పిలుచుకుని వేస్తే, తెర మీద బొమ్మ గిర్రున పైకి పోతూ ఉండేది, రంగు పోయేది. "అంత దూరం నుంచి రావటంలో చెడిపోయింది కాబోలు" అని ఆ తల్లి కళ్లొత్తుకునేది. నిజానికి దానికేమీ కాలేదు. అమెరికా టీవీ పద్ధతి ఎన్.టి.ఎస్.సి. దానికి 525 గీతలు, సెకనుకి సుమారు 30 బొమ్మలు. మనది పాల్. మనకి 625 గీతలు, 25 బొమ్మలు. అక్కడి కరెంటు సెకనుకి 60 సార్లు కొట్టుకుంటుంది, ఇక్కడిది 50 సార్లు. టీవీ లెక్కలు మొదట్లో ఆ కరెంటుని బట్టే కట్టారు. తేడా అంతే. రెండు పద్ధతులూ తెలిసిన డెక్కూ టీవీ దొరికితే మనవడు చక్కగా కేకు కోసేవాడు. కాని ఆ సంగతి చెప్పేవాళ్లెవరు? ఎన్ని కేసెట్లు అట్లా అటక మీదికి పోయాయో!

ఈ విషయం మా పడమటివాళ్లకి అర్థం కాకపోవడం విడ్డూరం. ఎందుకంటే మేం పుట్టి పెరిగిందే చిన్నలైను పక్కన. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా గుంతకల్లు పోయే లైను మీటరు గేజి. పట్టాల మధ్య సరిగ్గా వెయ్యి మిల్లీమీటర్లు. పెద్దలైనుకి 1676. గిద్దలూరు మనిషి బొంబాయి బండి ఎక్కాలంటే గుంతకల్లులో దిగి, సామాన్లు మోసుకుని, పిల్లల్ని లెక్కపెట్టుకుని, పెద్దలైను బండి ఎక్కాల్సిందే. పెద్దబండి మా పట్టాల మీదికి రానంత మాత్రాన అది చెడిపోయిన బండని మేమెవరం అనుకోలేదు. పట్టాలు సరిపడవు, అంతే. 1990లలో మాకూ పెద్దలైను పడింది, ఆ బాధ తీరింది. వీడియోలకి మాత్రం ఇప్పటికీ ఎన్ని గేజిలో లెక్కలేదు.

కేసెట్ల తరవాత సీడీలు వచ్చాయి. వీడియో సీడీ పద్ధతిని 1993లో ఖరారు చేశారు. ఒక్కో సీడీలో డెబ్బయి నాలుగు నిమిషాల బొమ్మ. అందుకే మన మూడు గంటల సినిమా రెండు మూడు సీడీల్లో వచ్చేది. మా ఇంట్లో కేసెట్లకి బూజు పట్టడం మొదలైందని 2004లో అక్క పెళ్లిని రెండు సీడీల్లోకి ఎక్కించాం. డెక్కు పాతసామాన్లవాడికి పోయింది. కొన్నేళ్లకి ఎవరో సీడీలని పెన్‌డ్రైవులోకి దింపారు. ఇంకేం, సీడీలతో పనేముందని, వాటిని దారం కట్టి పెరట్లో పాదుల మీద పిట్టల్ని బెదిరించడానికి వేలాడదీశాం! ఎండకి తళతళా మెరిసేవి. పిట్టలు బెదిరాయో లేదో గాని, పెళ్లి మాత్రం మాసిపోయింది. మిగిలింది ఆ పెన్‌డ్రైవొక్కటే.

ఆ డి.ఎ.టి. తోక సీడీనాటి తోక. ప్రతి వీడియో సీడీలోనూ బొమ్మలున్న ఫైళ్లకి అవే పేర్లుంటాయి. మీ పెళ్లి అయినా, నా పెళ్లి అయినా, పెద్ద హీరో సినిమా అయినా అదే పేరు. అందుకే నా రెండు ఫైళ్లూ కవలపిల్లల్లా కనపడ్డాయి. లోపలున్నది ఎంపెగ్-1 అనే పద్ధతిలో అణిచిపెట్టిన వీడియో.

అణిచిపెట్టడమంటే ఏమిటంటారా? వడియం ఉంది చూడండి. ఎండబెట్టినప్పుడు ఇంతే. కాగిన నూనెలో వేస్తే అంతై లేస్తుంది. వీడియోని ఉన్నదున్నట్టు దాస్తే ఇల్లు పట్టదు. అందుకని ఎండబెట్టి, అంటే లెక్కలతో కుదించి, డబ్బాలో పోస్తారు. చూసేటప్పుడు మళ్లీ పొంగించాలి. ఈ కుదించి పొంగించే విద్యనే కోడెక్ అంటారు. డబ్బా ఒకటి, లోపలి వడియం ఒకటి. పైన ఎంపీ4 అని రాసి ఉన్నా లోపల గుమ్మడి వడియం ఉండొచ్చు, సగ్గుబియ్యం వడియం ఉండొచ్చు. 2003లో వచ్చిన హెచ్.264 అనే రకాన్ని ఇవాళ దాదాపు ప్రతి ఫోనూ, ప్రతి టీవీ పొంగించగలదు. 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి. ఇంకా పల్చన, కాని అందరికీ చేతకాదు. ఐఫోన్లు 2017 నుంచి దీన్ని వాడుతున్నాయి. అమ్మాయి ఐఫోనులో తీసి పంపిన వీడియో మీ కంప్యూటర్లో బొమ్మ లేకుండా కూచుందంటే తరచు కారణం ఇదే.

ఇక్కడ ప్రవేశిస్తుంది మన నారింజరంగు టోపీ. దాని పేరు వి.ఎల్.సి. 1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లు తమ హాస్టల్లో కంప్యూటర్ల మీద టీవీ చూసుకుందామని మొదలుపెట్టిన పని అది. 2001లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోండని లోకానికి వదిలేశారు. రోడ్డు మరమ్మతు జరిగేచోట పెట్టే టోపీల్ని ఆ కుర్రాళ్లు పోగేసేవారట. అదే గుర్తయి కూచుంది. ఈ టోపీ గొప్పతనమేమిటంటే, రకరకాల వడియాలకి కావలసిన నూనె తనే సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. ఇంట్లోవాళ్లని ఏమీ అడగదు.

అయితే ఒక తిరకాసుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. వి.ఎల్.సి.లో సినిమా బ్రహ్మాండంగా ఆడుతుంది గాని, ఫోల్డరులో ఫైలు మీద మాత్రం బొమ్మ రాదు. ఎందుకు? ఫైలు మీద చిన్నబొమ్మ వేసేది వి.ఎల్.సి. కాదు, విండోస్. విండోస్ తన సొంత కోడెక్‌తో ఫైల్లోంచి ఒక్క బొమ్మ తీసి అంటిస్తుంది. తన దగ్గర ఆ విద్య లేకపోతే అంటించలేదు. పక్కింటావిడ దగ్గర నూనె ఉన్నంత మాత్రాన మన పొయ్యి మీద వడియం పొంగదు గదా!

మా అక్క కొడుకు ఫోనులో నా చేత చేయించిన పని చెబుతాను. మీకూ పనికొస్తుంది.

ముందు బరువు చూడాలి. వందల ఎం.బి.లు ఉంటే లోపల ఏదో ఉన్నట్టే. సున్నా ఉంటేనే ఆశ వదులుకోవాలి. తరవాత, పెన్‌డ్రైవు మీద ఏమీ చెయ్యకుండా ఫైలుని కంప్యూటర్లోకి నకలు తీసుకోవాలి. ప్రయోగాలన్నీ నకలు మీదే. ఆ నకలు మీద మౌసు కుడిమీట నొక్కి, "ఓపెన్ విత్" లో వి.ఎల్.సి.ని ఎంచుకోవాలి. అక్కడ "ఎప్పుడూ దీంతోనే తెరవనా, ఈ ఒక్కసారికేనా?" అని అడుగుతుంది. ఎంపీ4, ఎంకేవీ లాంటి ఫైళ్లకైతే "ఎప్పుడూ" అని చెప్పెయ్యొచ్చు. రోజూ అడిగే బాధ తప్పుతుంది. డి.ఎ.టి. తోకకి మాత్రం "ఒక్కసారికే" అనాలి. ఆ తోకని సినిమాతో సంబంధం లేని ఎన్నో ప్రోగ్రాములు తమ సొంత లెక్కలకి వాడుకుంటాయి. వాటినీ టోపీవాడికి అప్పగిస్తే గందరగోళం.

తోక మార్చితే ఏమవుతుందని అడిగాను. డి.ఎ.టి. తీసేసి ఎం.పి.జి. అని పెడితే కొన్ని ప్లేయర్లు గుర్తుపడతాయి, లోపలి సరుకు మాత్రం మారదన్నాడు. నాకు చప్పున అర్థమైంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1972లో ఆ ఒంగోలు జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కాగితాల మీద తోక మారినా, చెన్నకేశవస్వామి గుడి ఉన్నచోటే ఉంది, నల్లమల ఉన్నచోటే ఉంది.

ఇక ఎంపీ4 ఫైళ్ల మీద కూడా బొమ్మలు రాకపోతే చూడాల్సినవి రెండు. ఫోల్డరు ఆప్షన్లలో "వ్యూ" అన్నచోట, ఎప్పుడూ గుర్తులే చూపు, బొమ్మలు వద్దు అన్న అర్థం వచ్చే గడి ఒకటుంటుంది. అందులో టిక్కు ఉంటే తీసెయ్యాలి. అప్పటికీ రాకపోతే "డిస్క్ క్లీనప్" లో "థంబ్‌నెయిల్స్" అన్నదాన్ని మాత్రమే ఎంచుకుని శుభ్రం చెయ్యాలి. పాత చిన్నబొమ్మల నిల్వ పోయి, విండోస్ మళ్లీ కొత్తగా గీసుకుంటుంది. అసలు వీడియోలకేమీ కాదు. ఐఫోను వీడియోల హెచ్.ఇ.వి.సి.కైతే మైక్రోసాఫ్ట్ స్టోరులో దొరికే చిన్న తోడు సరంజామా తెచ్చి పెట్టుకుంటే సరి.

ఇంతకీ నేను తుడిచేసింది దొరికిందా? దొరకలేదు. కంప్యూటర్లో తుడిచింది చెత్తబుట్టలో ఉంటుంది, తిరిగి తీసుకోవచ్చు. పెన్‌డ్రైవులో తుడిచింది ఆ బుట్టలోకి పోదు. అయినా వెంటనే పోదు. పలక మీద రాసింది చేత్తో తుడిస్తే లీలగా జాడ ఉంటుంది చూడండి, అలాగే ఉంటుంది. దాని మీద మళ్లీ రాయకుండా ఉంటే, తెలిసినవాళ్లు ఆ జాడ పట్టుకుని బయటికి తీయగలరు. నేను రాశాను. తుడవగానే, ఖాళీ అయింది గదా అని దాన్నిండా భాగవత ప్రవచనాలు ఎక్కించాను. పలకల ఊళ్లో పుట్టినదాన్ని, ఆ మాత్రం తోచలేదు. అందులో అక్కని పెళ్లికూతుర్ని చెయ్యడం, మా తాతయ్య అక్షింతలు వెయ్యడం ఉన్నాయి. తాతయ్య కదులుతూ కనపడేది అదొక్కటే. ఆ సంగతి అక్కకి చెప్పినప్పుడు అది నన్నొక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

రెండోదాన్ని తెరిచాం. బొమ్మ పడింది. మసకమసగ్గా, వణుకుతూ, అంచులు చెదిరిపోయి పడింది. బంతి భోజనాలు. అమ్మ వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, నేతిగిన్నె పట్టుకుని వరసలో వస్తోంది. వీడియో అబ్బాయి లైటు ఆవిడ మీద పడింది. అమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నన్నెందుకు తీస్తావు నాయనా, పొయ్యి పెళ్లికూతుర్ని తియ్యి" అంది. అంతే. ఆరు సెకన్లుంటుంది. మేం పాతికసార్లు చూశాం. నాయనా, నువ్వు ఆవిడ మాట విననందుకు నీకు వెయ్యి దణ్ణాలు.

వి.ఎల్.సి.లోనే "కన్వర్ట్" అని ఉంది. దాంతో ఆ ఫైలుని హెచ్.264 లోకి మార్చి ఎంపీ4 చేశాడు మా అక్క కొడుకు. పాత ఫైలుని కూడా ఉంచాడు. నకళ్లు మూడు తీసి, ఒకటి నా దగ్గర, ఒకటి అక్క దగ్గర, ఒకటి తన దగ్గర పెట్టాడు. క్లాపు పలక మీద రాసినట్టు, "అక్క పెళ్లి, మార్కాపురం, 1989, రెండో భాగం" అని తెలుగులో పేరు పెట్టాం. ఆ "రెండో భాగం" చూసినప్పుడల్లా కలుక్కుమంటుంది. అయినా అట్లాగే ఉంచాను.

మీ ఇళ్లలోనూ ఏ సొరుగులోనో బొమ్మ లేని ఫైలు ఒకటి ఉండే ఉంటుంది. పండగ సర్దుళ్లలో చెయ్యి అటు పోతే, ముందు బరువు చూడండి. పిల్లల్ని పిలవండి. వాళ్లు విసుక్కుంటారు, పట్టించుకోకండి.

ఇప్పుడు ఆ ఫైలు మీద విండోస్ తనంతట తను ఒక బొమ్మ అంటించింది. అమ్మ బొమ్మ కాదు. బంతిలో కూచున్న ఎవరిదో వీపు. ఫర్వాలేదు. లోపల అమ్మ ఉంది.